పదమూడులో మూడు

వాచీ నాలుగూ పదికి ఆగిపోయింది.
తెల్లారి నాలుగో, సాయంత్రం నాలుగో
ముల్లు ఆ సంగతి చెప్పదు.

ఫోన్లో సెకన్లుంటాయి కదమ్మా, అంటారు డాక్టరు గారు.
ఉంటాయి.
ఇరవై రోజుల గుంట ఊపిరి లెక్కపెడుతుంటే
వెలుగు మొహాన పడ్డప్పుడల్లా తల తిప్పుతుంది,
లెక్క చెదురుతుంది.
నిమిషానికి అరవై దాటితే శ్రీకాకుళం పంపాలి.
యాభై ఎనిమిదా, అరవై రెండా,
ఆ నాలుగు ఊపిర్ల మధ్య ఒక ఆటో ఉంటుంది,
ఒక రాత్రి ఉంటుంది,
తల్లి కొంగులో లేని ఐదొందలుంటాయి.
అందుకే నాకు ముల్లు కావాలి.

మొదట కూరలు తరిగే చాకు పట్టాను.
జారి, బొటనవేలి కింద చిన్న నోరు తెరిచింది.
తర్వాత పిన్నీసు. తర్వాత సగం బ్లేడు.
తర్వాత పక్కింటి సిమ్మాలమ్మ అప్పని అడిగాను,
పత్తి దువ్వే వాలుగ చేప దవడ ఒక్క పూటకిమ్మని.
అంత సన్నటి పళ్ళు, ఏ సందులోనైనా దూరతాయనిపించి.
అప్ప రాట్నం ఆపకుండానే అంది:
"ఓలమ్మ! అది దువ్వడానికి పుట్టింది గానీ
పొడవడానికేటి?
ఒక్క పన్నూడితే
పొందూరు నూలుకి నువ్వు జవాబిస్తావా?"

చివరికి పార్సిల్లో తెప్పించాను.
నల్ల సంచిలో పదమూడు ముక్కలు,
అన్నీ మెరుస్తున్నాయి,
ఏదీ తన పేరు చెప్పట్లేదు.

చుక్కల మందుతో పాటు ఆ సంచీ పట్టుకుని
కూర్మారావు గారింటికెళ్ళాను.
స్టేషను రోడ్డు మలుపులో, గాజు పెట్టె వెనక
ముప్పయ్యేళ్ళు కూర్చున్న మనిషి.
ఇప్పుడు అరుగు మీద, కుడికంటికి ఆకుపచ్చ గుడ్డ.
ఎడంకంటికి ఇంకా వంతు రాలేదు.

"కనపడవు గానీ, ఒక్కొక్కటీ చేతిలో పెట్టు."

"ఇది మూడు కాళ్ళది. మర మూతలకి.
నీది నొక్కుడు మూత. తీసీ.
ఇది బెల్టు పుల్లకి. నీ బెల్టుకేం రోగం?
సుత్తా? వాచీకి సుత్తేటమ్మా,
మేకు కొడతావా టైముకి?"

ఒకదాని దగ్గర వేళ్ళు ఆగాయి.
"ఇదీ. అంచు చూడు, మొద్దు.
పదునున్నది గీస్తాది, మొద్దుగున్నది తెరుస్తాది.
ఇనప పట్టకారొద్దు.
పైమొహం కిందమొహం కలిపి పట్టిందంటే
కొత్త బ్యాటరీ నీ చేతిలోనే నీరసపడతాది.
ప్లాస్టిక్‌ది ఉండాలే, ఎతుకు.
అన్నిటికన్నా సన్న స్క్రూడ్రైవరొకటి. సరిపోద్ది."

కన్నుకి తగిలించుకునే భూతద్దం మిగిలింది.
దాన్ని చాలాసేపు తిప్పాడు.
"నీకెందుకిది, కుర్రకళ్ళు.
నాకిచ్చీ."

మూత అంచున గోరు తిప్పమన్నాడు.
ఒకచోట గోరు తడబడింది.
"అక్కడే."
తాబేలు డిప్పలా బిగుసుకున్నది
టక్కుమని లేచింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"లోపల నా రాత ఉందా?"
ఉంది. మూత కడుపులో సూదితో గీసిన నాలుగు తేదీలు,
ఈ వాచీ నా చేతికి రాకముందు
మా పెద్దమ్మ చేతిమీదున్న రోజులవి రెండు.
మొదటి మూడూ ముత్యాలు.
నాలుగోదాన్లో అంకె మీద అంకె పడింది,
చూపు తడబడ్డ ఏడాది.
అది చెప్పలేదు నేను.
"బాగుందండీ," అన్నాను.

పాత బ్యాటరీకి ప్లాస్టరు చుట్టి దూలమ్మీద పెట్టాను.
పిల్లలు మింగుతారు. మింగినవాణ్ణి చూశాను.
కొత్తది గూట్లో కూర్చుంది.
ఐదో తేదీ నేను గీశాను, పిన్నీసుతో.
ఇంజెక్షను పొడిచే చెయ్యి,
ఒక్క గీతకి ఎందుకు వణికిందో.

మూత వెయ్యకముందే సెకన్ల ముల్లు
ఒక్క అడుగేసింది.
ఆగి, ఇంకొకటి.

కూర్మారావు గారు చెవి ఇటు పెట్టాడు.
"టైమెంతయిందమ్మా?"
ముప్పయ్యేళ్ళూ ఊరంతా ఆయన్నడిగిన మాట.

వాచీ చూసి చెప్పాను,
"నాలుగూ పది."
"మరి చుక్కల టైము కదా," అని
ఆయన తల పైకెత్తాడు, గుడ్డ పక్కకి తీసి.